గోదావరిమీఁది ప్రాఁతవంతెన

యాత్రలకుఁ బోయివచ్చిన సోదరీమణులు వ్రాయు వ్యాసములలో దేవాలయములు, తీర్థఘట్టములు, కొండలు, తోఁటలు వర్ణింపఁబడుచుండును. ఆ క్షేత్రమునకుఁ జేర్చిన దారినిగూర్చి గాని, నడుమ నడ్డమైన నదిని దాఁటించిన వంతెననుగూర్చి గాని తలఁచువారు తక్కువ. గర్భాలయములోని మూర్తికి మ్రొక్కి, డోలీ మోసికొనివచ్చిన బోయీలను మఱచినట్లే యిది. వంతెన మ్రోఁగుట బండి దానిమీఁదఁ బోవునపుడు మాత్రమే. ఆసమయమున మనము కిటికీలోనుండి నదిలోనికి నాణెములు విసరు సందడిలో నుందుము. అట్లు తొంబదియేడేండ్లు మోసి, వయస్సు చెల్లి, పని మానుకొన్న యొక పెద్దవంతెననుగూర్చి యీనెల నాలుగు మాటలు వ్రాయఁ దలఁచితిని. అది రాజమహేంద్రవరమునొద్ద గోదావరిమీఁది హేవులాకు వంతెన.

మా కారేపల్లి ఖమ్మముజిల్లాలోనిది. భద్రాచలపుటడవులవైపు దారులు ఇచ్చటినుండియే సాఁగును. దోర్నకల్లునుండి వచ్చు రైలుదారి యిచ్చట రెండుగాఁ జీలి, యొకటి యిల్లెందునకును, రెండవది కొత్తగూడెమునకును బోవును. మా మండలమునకు సింగరేణి యని పేరు. దేశమంతట వినఁబడు బొగ్గుగనుల సంస్థపేరు మా ప్రక్కనున్న యీ చిన్న పల్లెయిచ్చినదే. 1871లో భూగర్భపరిశోధనశాఖకుఁ జెందిన డాక్టరు కింగు ఇల్లెందు చేరువను బొగ్గుపొరలను గనుఁగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీవారు త్రవ్వకపు హక్కులను బొందిరి. 1920లో నాకంపెనీ యాస్తులు సింగరేణి కాలరీసు అను పేర నేర్పడిన సంస్థకుఁ జెందినవి. ఈ యడవిలోనికి ఇనుపదారి వచ్చినది బొగ్గుకొఱకే. బొగ్గు లేనిదే నాఁటి రైలు కదలదు; రైలు లేనిదే బొగ్గు గనిదాఁటి రాదు; వాగులమీఁద వంతెనలు లేనిదే రెండును లేవు. కాఁబట్టి మా ప్రాంతపువారికి వంతెన వింతవస్తువు గాదు. వేసవిలో ఇసుకమాత్రము కనఁబడు వాగు శ్రావణమాసమున నొక్క రాత్రిలో ఎఱ్ఱనీటితో నిండి, యావలియూరిని వేఱొక దేశముగాఁ జేయుట మేమెఱిఁగినదే.

మాకు గోదావరీదర్శనమునకు రెండు దారులు గలవు. మొదటిది దగ్గఱది. కొత్తగూడెములోని రైలుస్టేషనుకు భద్రాచలం రోడ్ అని పేరు. అచ్చట దిగి యడవిదారిని సుమారు 40 కిలోమీటరులు పోయినచో భద్రాచలము. అచ్చటి గోదావరిపై కాంక్రీటు వంతెన 1965లోఁ దెఱవఁబడినది. అంతకు ముందు రామదర్శనమునకు వచ్చు యాత్రికులు పడవలలో దాఁటవలసియుండెను. అచ్చటి గోదావరి సామాన్యురాలు గాదు. నీరు 53 అడుగులు చేరినచో మూఁడవ ప్రమాదసూచిక యెగురవేయుదురు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును లేచినది.

రెండవ దారి దూరమైనది. దోర్నకల్లు చేరి, విజయవాడవైపు పోవు బండ్లలో నెక్కి, విజయవాడ, ఏలూరు, తాడేపల్లిగూడెము, నిడదవోలు మీఁదుగాఁ గొవ్వూరు చేరవలెను. మేము పోయినది యీదారినే. మావైపు టేకులును, నల్లమద్దులును, నిప్పచెట్లును గన్న కన్నులకు ఈ తీరపుటరఁటితోఁటలు, కొబ్బరిచెట్లు, కాలువగట్లు పండుగ చేసినట్లుండును. కొవ్వూరు దాఁటఁగానే పెట్టెలోని స్త్రీలందఱును సంచులు విప్పుదురు. ఒకరు పసుపుకుంకుమలు, ఒకరు నాణెములు, ఒకరు కొప్పులోని పూవులు తీయుదురు. నిద్రించు పిల్లలను లేపి చేతులు జోడింపఁజేయుదురు. వారికి నదియే కనఁబడును. ఆ యాత్రలో నాకన్నులు మాత్రము ప్రక్కనే రైళ్లులేక యొంటరిగా నిలిచియున్న ప్రాఁతవంతెన మీఁదికిఁ బోయినవి.

రాజమహేంద్రవరమునఁ బుష్కరఘట్టము మెట్లమీఁద నిలిచినచో ఆ వంతెనలసొంపు తెలియును. ఇచ్చట రైళ్లకొఱకుఁ గట్టిన వంతెనలు మూఁడు. అన్నిఁటికంటెఁ బెద్దది వయస్సున హేవులాకు వంతెన, 1900 నాఁటిది. తరువాతిది 1974లోఁ దెఱవఁబడినది, దానికి రెండంతస్తులు, క్రిందిదానిలో రైళ్లు, మీఁదిదానిలో మోటారుబండ్లు పోవును. మూఁడవది 1997లో ముగిసినది. ఇరువదియెనిమిది కాంక్రీటు విండ్లు వరుసగా నిలిపినట్లుండును. నేఁడు గోదావరి చిత్రపటము లనినఁ బ్రాయికముగా నీ విండ్ల వంతెనయే. అమ్మమ్మ, తల్లి, మనుమరాలు ఒక్క యేటిలో నీళ్లకు దిగినట్లు మూఁడు కాలములవిద్య యిచ్చట నొక్కచోట నిలిచియున్నది. ఇట్టి దృశ్యము మన దేశమున నరుదు.

మేము మెట్లమీఁదఁ గూరుచుండి చూచుచుండఁగాఁ బ్రక్కనున్న కొవ్వూరు పెద్దముత్తైదువ యొకతె మమ్ముఁ బలుకరించెను.

“ఆ పాతదాన్నేనా అమ్మాయీ, అంతసేపు చూస్తున్నారు?”

“అవునండీ పెద్దమ్మగారూ. మీరు దానిమీద ప్రయాణం చేశారా?”

“చేయకేం! నా పెళ్లివారి బండి దానిమీదే వచ్చింది. మా అమ్మమ్మకే ఆ యోగం లేకపోయింది. ఆవిడ కాపరానికి పడవమీద వచ్చింది. గోదారి ఆవలికి పిల్లనివ్వడమంటే వాళ్లమ్మ పది రోజులు అన్నం ముట్టలేదట. వరదరోజుల్లో కబురైనా వచ్చేది కాదట మరి. వంతెన పడ్డాక మొదటి సంక్రాంతికి పుట్టింటికెళ్లి, కనుమ వెళ్లగానే తిరిగివచ్చింది. ఎంత చెప్పుకునేదో ఆ మాట!”

ఆమె లేచి పోయినపిదప ఆమాటలనే తలఁచుకొంటిని. రైలుచరిత్రలు వ్రాయువారు, ఈవంతెనతో మదరాసు కలకత్తాలు కలిసినవని వ్రాయుదురు. అది నిజమే. కాని ఆ రెండు మహానగరములతోబాటు కొవ్వూరిలోని యొక తల్లియు, రాజమహేంద్రవరములోని యొక కూఁతురును గలిసిరి. అట్టి కలయికలు లెక్కకురావు. వంతెన విలువలో సగము వానియందే యున్నది.

ఇఁక దాని చరిత్ర. విజయవాడనుండి కటకమువఱకుఁ దూర్పుతీరపు రైలుదారి 1893 మొదలు 1896 వఱకు భాగములుగాఁ దెఱవఁబడినది. గోదావరియొద్ద మాత్రము దారి తెగిపోయి, యీవలియొడ్డున బండి దిగి, నది దాఁటి, యావలియొడ్డున మఱల బండి యెక్కవలసివచ్చెను. వరదకాలమున నదియు సందేహమే. 1897 నవంబరులో వంతెన పని మొదలయ్యెను. 1900 ఆగస్టులో బండ్లు నడచెను. అనఁగా మూఁడేండ్లైనను నిండలేదు. పనికి ముఖ్యుఁడైన ఇంజనీరు వాల్టన్ అనునాతఁడు. అంతకుముందు 1887లోఁ దెఱవఁబడిన కాశీలోని గంగమీఁది డఫరిన్ వంతెనయు నాతని చేతిపనియే. కాశికిఁ బోయి గంగను, వచ్చి గౌతమిని సేవించు మనవారికి రెండుచోట్లను దారి చూపినవాఁ డొక్కఁడే యగుట విశేషము. నాఁటి మదరాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవులాకు పేరు వంతెనకుఁ బెట్టిరి. నదిలో మునిఁగి యిసుక తోడిన కూలీల పేర్లు ఏ ఱాతిమీఁదను లేవు. మన ప్రాఁత గుళ్లన్నిఁటికిని నిదే చరిత్ర గదా.

ఇసుకనదిలో వంతెన కాళ్లు ఎట్లు నిలుచునని పిల్ల లడుగుదురు. నూతిలో వరలు దింపుట చూచినవారికి ఇది సులభముగాఁ దెలియును. మనయిండ్లలో నుయ్యి త్రవ్వునపుడు ముందుగా నొక వరను నేలపై నుంచి, లోపలి మన్ను తీయుచుండఁగా నది తన బరువునకుఁ దానే దిగును; దానిపై నింకొక వర; అట్లు నీరుపడువఱకు. మన పెద్దనదులలో వంతెనలకు పునాదులను దించునదియు నీ తీరుననే. అడుగున వాఁడియైన ఇనుపచట్రము, దానిపై ఇటుక లేక ఱాతికట్టుబడితో పెద్దబావివంటి గుండ్రని గోడ లేపుదురు. లోపలి యిసుకను తోడుచున్నకొలఁది నది క్రుంగుచు, వరద కదలింపలేని గట్టినేల చేరును. అంతట లోపల నింపి మూసివైచి, మీఁద స్తంభము కట్టుదురు. నీటికొఱకు త్రవ్వునది నుయ్యి. నీటిని గెలుచుటకు దించునది యీ నుయ్యి.

స్తంభముల నడిమి యెడములను కండ్లనుట వాడుక. హేవులాకు వంతెనకు 56 కండ్లు. ఒక్కొక్కటి 150 అడుగుల నిడివి. అన్నియుఁ గలిసి రెండున్నర కిలోమీటరులకు మించిన పొడవు. ఒక స్తంభమునుండి యొక స్తంభమునకుఁ బఱచినవి ఇనుపదూలములు గావు. దూలమంత దట్టముగాఁ బోఁతపోసినచో దాని బరువే దానిని వంచును. కాఁబట్టి సన్నని కడ్డీలను, పట్టాలను ముక్కోణములుగాఁ గూర్చి చట్రములు చేసిరి. దీనిని ఇంజనీర్లు ట్రస్సు అందురు.

ముక్కోణపు మహిమ మన యింటిలోనే చూడవచ్చును. నాలుగు కఱ్ఱలతో నొక చట్రము చేసి మూలలందు మేకులు గొట్టి, యొక మూలను నొక్కుఁడు. అది ప్రక్కకు వ్రాలిపోవును. ఒక మూలనుండి యెదుటి మూలకు నొక బద్దను ఏటవాలుగా బిగింపుఁడు. ఇఁక నది కదలదు. ఏలన, నాలుగు మూలల చట్రము రెండు ముక్కోణము లయినది. ముక్కోణము భుజము విఱిగిననే గాని రూపు మాఱదు. వడ్రంగి తలుపుచెక్కలవెనుక ఏటవాలుబద్ద కొట్టుట యిందులకే. పెంకుటింటి వాసములు రెండును, వాని క్రింది దూలమును గలిసి ముక్కోణమయి కప్పును మోయుట యిందులకే. ట్రస్సులోఁ గొన్ని కడ్డీలు చేఁదత్రాటివలె లాగఁబడును. కొన్ని నిట్రాటవలె నొక్కఁబడును. ఏది లాగఁబడునో, ఏది నొక్కఁబడునో లెక్కించి, దానికిఁ దగిన లావుమాత్రమే యిత్తురు. తక్కువ ఇనుముతో నెక్కువ బరువు మోయుట యీ లెక్కయొక్క ఫలము. 1844లో అమెరికాలోఁ ప్రాట్ అను తండ్రికొడుకులును, 1848లో ఇంగ్లండులో వారెన్ అనునాతఁడును దమ తమ కూర్పులకుఁ బ్రభుత్వపు హక్కులు పొందిరి. వారి పేర్లతోనే యా కూర్పులు నేఁటికిని జెల్లుచున్నవి.

ఆ కడ్డీలను గూర్చిన తీరును దెలిసికొనఁదగినదే. అప్పటి వంతెనలలో మరమేకులకంటె రివెట్టులే యెక్కువ. రివెట్టును గొలిమిలో ఎఱ్ఱఁగాఁ గాల్చి, రెండు రేకుల రంధ్రములలో దూర్చి, రెండవ కొనను సమ్మెటతో మోఁది తల చేయుదురు. చల్లాఱునపుడది కుఱుచయై రేకులను బిగించివైచును. మన కమ్మరి బండిచక్రమునకుఁ బట్టాను వేఁడిచేసి తొడిగి, నీళ్లు చల్లి బిగించుట చూచినవారికి వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. వంతెన యెంత పెద్దదైనను అందలి పని యంతయుఁ గమ్మరిపనియు, వడ్రంగిపనియు, నూతిపనియునే. ఇది తెలిసినపిదప వంతెనమీఁది భయము పోయి చనవు కలుగును.

ఇట్లు 1900 మొదలు 1997 వఱకు బండ్లను మోసి యీ వంతెన విశ్రాంతి గొన్నది. 1986 నాఁటి మహావరదయు దానికాళ్లక్రిందనుండియే పోయినది. దానిని మాన్పుట దానిలో లోపముండి గాదు. బండ్ల బరువును, వేగమును, సంఖ్యయు నూఱేండ్లలో మిక్కిలి పెరిగినవి. ఆవిరియంత్రముల కాలపు లెక్కతోఁ గట్టిన చట్రముపై నేఁటి సరకుబండ్లను నడపుట తగదని క్రొత్తదానిని గట్టిరి. ముసలియెద్దును గాఁడినుండి విడుచుట వంటిది. విడిచినపిదప నాయెద్దు నేమి చేయవలెననునదియే ప్రశ్న. ఇనుము అమ్మినఁ గాసులు వచ్చును. ఉంచినచో ఖర్చు, ఇనుము గాలికిని తేమకును దుప్పుపట్టును గాన నెప్పటికప్పుడు రంగు పూయకున్నఁ గొన్నాళ్లకుఁ దానే క్షయించును. అటకమీఁద నూరక పడవేసిన యిత్తడిబిందెకును నిల్లు తుడిచి తోమి యుంచిన యిత్తడిబిందెకును నెంత భేదమో, విడిచిన వంతెనకును గాపాడిన వంతెనకును నంత భేదము.

ఈ ప్రశ్నకు అమెరికాలో మిషిగన్ రాష్ట్రమువా రొక చక్కని యుత్తర మిచ్చియున్నారు. అచ్చటఁ గాల్హూన్ కౌంటీలో, బాటిల్ క్రీక్ పట్టణపుఁ జేరువను, కలమజూ నదియొడ్డున నొక తోఁట గలదు. కౌంటీ యనఁగా మన జిల్లావంటిది. పందొమ్మిదవ శతాబ్దపుఁ జివరిభాగమునఁ బల్లెదారులలోని యేళ్లమీఁదఁ గట్టిన ట్రస్సువంతెనలు మోటారుబండ్లకుఁ జాలక తీసివేయుటకు సిద్ధమయి యుండఁగా, కొన్నిఁటిని వేర్వేఱు తావులనుండి విప్పితెచ్చిరి. అందొకటి 1886 నాఁటిది. మఱియొకటి 1897 నాఁటిది. తుప్పుతిన్న ముక్కలను మాఱ్చి, మరల రివెట్టులను గాల్చి బిగించి, తోఁటలోని కాలిబాటలమీఁద నిలిపిరి. ఇప్పుడు వానిపై బండ్లు పోవు. పిల్లలు పరుగెత్తుదురు, పెద్దలు నడచుదురు, ఇంజనీరువిద్య చదువువారు కడ్డీలను చేతితో నంటి నేర్చుకొందురు. అందుకొఱకు మఱచిపోయిన రివెట్టుపనిని గొందఱు మఱల నేర్వవలసివచ్చెను. వంతెనతోబాటు చేతిపనియు బ్రదికినదన్నమాట.

మన హేవులాకు వంతెనను ఆ తీరున విహారస్థలముగాఁ దీర్పవలెనని చాలకాలముగా ననుకొనుచున్నారు. 2025 జూన్‌లో రాజమహేంద్రవరమున అఖండగోదావరి యను పేరిట సుమారు 94 కోట్ల రూపాయల పథకమునకు శంకుస్థాపన చేసిరి. పుష్కరఘట్టముతోబాటు ఈవంతెనయు నందుఁ జేరినది. మాట నెఱవేరినచో గోదావరినడుమ నడచి, ముందు వెనుకల నీటినే చూడఁగల భాగ్యము సామాన్యులకును గలుగును. ఇన్నాళ్లు రైలుకిటికీలోనుండి నాలుగు నిమిషములు చూచిన నదిని ఇంటిల్లిపాదియు నింపాదిగాఁ జూడవచ్చును.

అయినను నామనస్సులో నొక సందేహము కలిగినది. దానిని దాఁచుట మంచిది గాదు. పనిలేని వంతెనకు కోట్లు వెచ్చించుట న్యాయమా? పని యున్న చోట వంతెనలే లేవు గదా? మాకుఁ దూర్పున భద్రాచలమువైపుఁ బోయినకొలఁది, అడవిలోని కోయగూడెములకుఁ బోవు దారులలో వాగులు వంతెనలేక యున్నవి. వానకాలమున నవి పొంగినపుడు గర్భిణులను మంచముమీఁదనో, డోలీకట్టియో మోసికొని, మొలలోఁతు నీటిలో నాసుపత్రికిఁ జేర్పవలసివచ్చుచున్నది. పత్రికలలోఁ బ్రతివర్షాకాలమున నీ వార్తలు వచ్చుచునే యున్నవి. గోదావరి కావలనున్న కూఁతుఁనిగూర్చి 1900కు ముందు ఏడ్చిన తల్లియు, నేఁడు వాగున కీవలి యొడ్డున డోలీప్రక్కన నిలిచి యేడ్చు తల్లియు నొక్కటే గదా? ఒకతె కన్నీరు తుడువఁబడి నూటయిరువదియేండ్లు గడచినవి. రెండవయామె యింకను వేచియున్నది.

చిన్నవాగును జిన్నదిగాఁ జూచుట యెంత ప్రమాదమో మన తెలుఁగునేలయే చెప్పుచున్నది. 1954 సెప్టెంబరులో జనగామ దాపున వరదకు రైలువంతెన కూలి నూఱుమందికిఁ బైగా మరణించిరి. 2005 అక్టోబరులో వలిగొండయొద్ద నొక చిన్నవంతెనను నీరు కొట్టివేయఁగా, తెల్లవాఱుజామున వచ్చిన బండి యందుఁ బడి మఱల నూఱుమందికిఁ బైగాఁ బోయిరి. గోదావరి, గంగలవంటి మహానదులమీఁది పెద్దవంతెనలు నిలిచినవి. పేరైనఁ దెలియని పిల్లవాగులమీఁదివి పోయినవి. 2024లో ఆగస్టు కడపట, సెప్టెంబరు మొదట వచ్చిన వానలకు మున్నేఱు ఖమ్మముపట్టణములోని యిండ్లఁ జొచ్చినది. కేసముద్రముచేరువ రైలుకట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు నిరాధారముగా వ్రేలాడినవి. అనేకదినములు మా వైపు బండ్లు తిరుగలేదు. ఒక్క కట్ట తెగినచో నాలుగు జిల్లాల సంసారము లెట్లు తాఱుమాఱగునో అప్పుడు మేము చూచితిమి. పాలు రావు, మందులు రావు, పరీక్షలకుఁ బోయిన పిల్లల జాడ తెలియదు.

ఈ సందేహమును బట్టి ప్రాఁతవంతెనను దునుకలుగాఁ గోసి యమ్మివేయవలెనని నేననను. అమ్మిన సొమ్ము వాగులపైఁ బడునని నమ్మకము లేదు. అదియుఁ గాక, కంటియెదుట నిలిచిన నిదర్శనము పోయినచో, సాధ్యమైన పనినే అసాధ్యమని చెప్పుట సులభమగును. హేవులాకు వంతెన మనకుఁ జెప్పునది యేమి? విద్యుచ్ఛక్తితోఁ దిరుగు నేఁటి యంత్రములు లేనినాఁడు, రెండున్నర కిలోమీటరుల మహానదిని, మూఁడేండ్లలోపల, 56 కండ్లతో దాఁటించిరి. అట్టిది అందులో నొక్క కన్నంతయైనను వెడల్పులేని యడవివాగు నేఁటికి దాఁటరానిది యెట్లగును? కొఱఁత విద్యలో లేదు, ఇనుములో లేదు, తలంపులోనే యున్నది. బొగ్గుకొఱకు ఈ యడవిలోని వాగులన్నిఁటిని దాఁటిన మనము, ప్రసూతికొఱకు దాఁటలేమనుట వినుటకు సిగ్గుగా నున్నది. ఈ మాట చెప్పుటకు సాక్షిగా నా ముసలివంతెన నిలిచియుండవలెను. విహారస్థలముగా మాత్రమే నిలిచినచో దానివిలువలో సగమే మనకు దక్కినట్లు.

అమెరికాలోని యా తోఁటను గూర్చి చదివినప్పుడు నాకు నచ్చినది యింకొకటి గలదు. ట్రస్సును విప్పి, మోసికొనిపోయి, మఱల బిగింపవచ్చును. అందుకే ఆ దేశమునఁ బెద్దదారికిఁ జాలని ట్రస్సును జిన్నదారిలోని యేటిమీఁదికి మార్చి వాడుట పూర్వమునుండి గలదు. మన దేశమునఁ బెద్దకోడలి చీరను గుదించి పిల్లకుఁ బరికిణీ కుట్టుట యెట్లో యది యట్లు. మన రైలుదారులలోఁ బ్రతియేఁట ఎన్నియో ట్రస్సులు మాఱ్పఁబడుచుండును. అందు దృఢముగా మిగిలినవానిని బరీక్షించి, నడకదారులకై యడవివాగులమీఁద నుంచుట సాధ్యమేమో ఇంజనీర్లు తేల్చవలెను. రైలుబరువునకుఁ జాలనిది మనుష్యుల నడకకును, రోగుల బండికిని జాలకపోదని నాబోఁటిదానికిఁ దోఁచును. తేల్చువారు వారు, అడుగవలసినవారము మనము.

అడుగుటకుఁ జోటు లేకపోలేదు. గ్రామసభలో స్త్రీలకు నోరున్నది. వాగు ఎన్ని దినములు పొంగినది, ఆ దినములలో ఎందఱు బడి మానిరి, ఎందఱు రోగులు ఆఁగిపోయిరి అను లెక్కను ఒక నోటుపుస్తకములో వ్రాసియుంచుట ఇల్లు నడపు స్త్రీకిఁ గష్టముగాదు. పాలలెక్క, చాకలిపద్దు వ్రాయుచున్నాము గదా. నోటిమాటను “చూతము” అని త్రోసివేయు నధికారి, తేదీలతోఁ గూడిన లెక్కను త్రోసివేయుటకు జంకును.

గోదావరికి పండ్రెండేండ్ల కొకమాఱు వచ్చు పుష్కరము 2015లో జరిగినది. మఱల 2027లో రానున్నది. అప్పుడు పాఠకసోదరీమణులలో ననేకులు రాజమహేంద్రవరమునకుఁ బోవుదురు. స్నానదానములు ముగిసినపిదప నొక గడియ ఘట్టముమీఁద నిలిచి, పిల్లలకు మూఁడు వంతెనలను జూపుఁడు. ప్రాఁతదాని కండ్లు లెక్కింపుమనుఁడు, ముక్కోణము లెక్కడెక్కడ నున్నవో వ్రేలితోఁ జూపుమనుఁడు, నూతివరలకథ చెప్పుఁడు. తమతమ యూరి వాగుపైఁ గట్టవలసిన వంతెన యెట్లుండవలెనో యొక కాగితముమీఁద గీయుమనుఁడు. ఆ పిల్లలలో నొక్క బాలిక ఇంజనీరై, కోయగూడెపువాగున కొక వంతెన వేసినను, గౌతమీస్నానఫలము మనకు రెట్టింపైనదని నేను నమ్ముదును.